కుంకుడుకాయల నుంచి నిమ్మతొక్కల దాకా: ఆరు నెలలు ఇంట్లో చేసుకుని వాడి చూశాక

మే మొదటి వారంలో మా అత్తయ్య పొందూరు నుంచి వస్తూ గుడ్డసంచిలో రెండు కిలోల కుంకుడుకాయలు తెచ్చారు. వాళ్ల పెరట్లో చెట్టువి. ఇదంతా ఆ సంచితో మొదలైంది. నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. అప్పుడు వేసవి సెలవులు. ముందు రోజే సరుకుల బిల్లు కట్టాను. అందులో షాంపూలు, బాడీవాష్, గిన్నెల లిక్విడ్, నేల తుడిచే మందు, ముఖానికి స్క్రబ్ అన్నీ కలిపి 1,870 రూపాయలు. ఇంట్లో నేను, మావారు, ఎనిమిదో తరగతికి వచ్చిన అమ్మాయి. అత్తయ్య ఉంటే నలుగురం. తినేవి కాకుండా ఒళ్లూ ఇల్లూ కడుక్కోవడానికే నెలకు అంత అవుతోందని ఆ రోజు దాకా నేను విడిగా లెక్క చూసుకోలేదు.

దీపావళి దాకా వీటిలో ఏవి ఇంట్లో చేసుకోగలమో చేసి చూద్దామనుకున్నాను. పాత నోటుబుక్కు ఒకటి తీసి తేదీ, ఖర్చు, పట్టిన సమయం, వాడాక ఎలా ఉందో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు అది పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు కుంకుడుకాయల సంగతి. చిన్నప్పుడు మాకు ఆదివారం అంటే కుంకుడు తలంటే. పెళ్లయ్యాక ఉద్యోగం, పరుగులు, 20 ఏళ్లుగా షాంపూయే. మళ్లీ మొదలుపెడితే చేతులు అన్నీ గుర్తుపట్టాయి కానీ ఓపిక మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. నా జుట్టు నడుం దాకా ఉంటుంది. నాకు 12 కాయలు, అమ్మాయికి 8 సరిపోతాయి. ఒక్కో కాయనీ చితక్కొట్టి లోపలి నల్ల గింజ తీసేయాలి. నురగంతా పై కండలోనే ఉంటుంది, దానిలోని సాపోనిన్లు అనే పదార్థాల వల్ల. వేడినీళ్లలో అరగంట నానితే చాలు. రాత్రే నానబెడితే పిసకడం ఇంకా తేలిక. తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టాలి. మొదటి వారం నేను తొందరపడి వడకట్టకుండానే పోసుకున్నాను. పిప్పి జుట్టులో ఇరుక్కుని, ఎండాక రెండు రోజులు జాకెట్టు భుజాల మీద రాలుతూనే ఉంది.

ఆ రసం కంట్లో పడితే ఎంత మంటో పడినవాళ్లకే తెలుసు. అమ్మాయికి మొదటిసారే పడింది. గట్టిగా ఏడ్చేసింది. అత్తయ్య వంటింట్లోకి పరుగున వెళ్లి ఉప్పుకల్లు తెచ్చి, "నోట్లో ఏసుకోయే తల్లీ, మంట తగ్గిపోతాది" అన్నారు. మా అమ్మ కూడా నాకు అలాగే పెట్టేది. నేను పిల్లని పంపు దగ్గర కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చల్లటి నీళ్లతో కళ్లు కడిగించాను. మంట తగ్గింది నీళ్లతోనే. అయినా ఉప్పు చప్పరిస్తూ పిల్ల ఏడుపు ఆపింది కాబట్టి, నాన్నమ్మ వైద్యానికి కూడా ఆ రోజు పని పడింది. అప్పట్నుంచి తలంటేటప్పుడు అమ్మాయి నుదుటికి చిన్న తువ్వాలు కడుతున్నాం. అయిదేళ్ల లోపు పిల్లలకైతే నేను కుంకుడు జోలికి వెళ్లను.

జుట్టుకు ఎలా ఉంది? మొదటి మూడు వారాలు బాగా గరుకుగా అనిపించింది. కుంకుడు జుట్టులోని నూనెను బాగా లాగేస్తుంది. ఆముదం పెట్టుకున్న రోజు రెండుసార్లు రుద్దితేనే జిడ్డు పోయింది, ఉత్త తలకు అదే రసం పోసుకుంటే జుట్టు పీచులా అయింది. నాలుగో వారం నుంచి పది మందారాకులు నలిపి ఆ జిగురు కలిపాను. అప్పటి నుంచి చిక్కు తగ్గింది. ఇప్పుడు నా జుట్టుకు దీన్ని మించింది లేదని ధైర్యంగా చెబుతాను. మా అపార్ట్‌మెంటుకు వచ్చేది బోరు నీళ్లు. వాటిలో సబ్బు సరిగా నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి మడ్డి కడుతుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు. ఉప్పునీళ్లతో అవస్థ పడేవాళ్లు ఇందుకోసమైనా ఒకసారి వాడి చూడాలి.

అమ్మాయి చుండ్రు మాత్రం తగ్గలేదు. నేను దీన్ని మొదలుపెట్టింది సగం దానికోసమే. రెండు నెలలు చూశాను. తలంటిన రోజు శుభ్రంగా కనిపించేది, మూడో రోజుకు మళ్లీ పొట్టు. చివరకు చర్మ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, చుండ్రు మురికి వల్ల వచ్చేది కాదని, అందరి చర్మం మీదా ఉండే ఒక రకం శిలీంధ్రం వల్ల కొందరికి అలా అవుతుందని వివరించారు. దానికి కీటోకోనజోల్ అనే మందు ఉన్న షాంపూ రాసిచ్చారు. వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు తల మీద ఉంచి కడగమన్నారు. నెల తిరిగేసరికి తగ్గింది. రెండు నెలలు పిల్లని అలా గోక్కోనిచ్చానని నాకు ఇప్పటికీ బాధే.

అత్తయ్య తెచ్చిన కాయలు ఆగస్టుకు అయిపోయాయి. రైతుబజారు బయట విడిగా కొన్నవి సగం పుచ్చులు. కొనేటప్పుడు రెండు కాయలు చేతిలోకి తీసుకుని చూడండి. ఎర్రటి గోధుమరంగులో, నొక్కితే కండ కాస్త జిగటగా, బరువుగా ఉండాలి. నల్లబడి, తేలిగ్గా, నలిపితే పొడి రాలుతుంటే పాతవి. తర్వాత గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్లాను. మన విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఈ జీసీసీ 1956 నుంచి గిరిజనుల దగ్గర తేనె, చింతపండు, కుంకుడు, శీకాయ లాంటి అటవీ సరుకు కొంటోంది. అక్కడ నాకు దొరికిన కాయలు శుభ్రంగా ఉన్నాయి, పుచ్చు చాలా తక్కువ. కిలోకు బయటికంటే 20 రూపాయలు ఎక్కువ పెట్టాను. ఏరి పారేసేది లేదు కాబట్టి చివరికి అదే లాభం.

కుంకుడు నాకు పూర్తిగా నచ్చిన చోటు తల కాదు, పట్టుచీరలు. పట్టుకు సబ్బు క్షారం పడదు, దారం మెరుపు పోయి బిరుసెక్కుతుంది. కుంకుడు రసంలో ఆ గాఢత లేదు. కొంగు చివర చిన్న మూల తడిపి తెల్లగుడ్డతో ఒత్తి, రంగు దిగడం లేదని చూసుకుని, నా పెళ్లి నాటి మామిడిపండు రంగు చీరను చల్లటి నీళ్లలో ఆ రసం కలిపి రెండు నిమిషాలు ముంచి తీశాను. పిండకుండా నీడన ఆరేశాను. డ్రైక్లీనింగ్‌కు 350 అడిగే చీర అది. ఆరాక అత్తయ్య వేళ్లతో నిమిరి చూసి ఏమీ అనలేదు, తన బీరువాలోంచి మరో రెండు పట్టుచీరలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. అంచు, ఒళ్లు వేరువేరు రంగులున్న చీరలకు మాత్రం ఈ సాహసం వద్దు. అవి డ్రైక్లీనింగ్‌కే.

చీరల మాట వచ్చింది కాబట్టి గంజి గురించి కూడా. అత్తయ్య కట్టేది పొందూరు ఖాదీయే. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నటి నూలు తీసే ఊరు వాళ్లది, ఆ చీరలంటే ఆవిడకు ప్రాణం. వాటికి సీసాలో వచ్చే స్టార్చ్ పెడితే తెల్లటి చారలు పడ్డాయి. అన్నం వార్చిన గంజిని వడకట్టి, ఒకటికి నాలుగు నీళ్లు కలిపి ముంచితే చారే లేదు. కుక్కర్లో వండుకునే మాకు గంజి కోసం వారానికి ఒకరోజు అన్నం వార్చడం అలవాటైంది. ఖర్చు సున్నా. వానాకాలంలో మాత్రం పెట్టకండి. చీర రెండు రోజులు ఆరకపోతే పులిసిన వాసన వస్తుంది, బూజు మచ్చలు కూడా వస్తాయి.

ఇక నలుగుపిండి. దీని మీద నేను పెట్టిన సమయం, డబ్బు, తిన్న ఎదురుదెబ్బ అన్నీ ఎక్కువే. పూర్ణా మార్కెట్ దగ్గర మూలికలు అమ్మే పాత కొట్లో పెసలు కాకుండా మిగతావన్నీ దొరికాయి. నేను వేసిన కొలత ఇది: పెసలు కిలో, శనగపప్పు అరకిలో, బియ్యం పావుకిలో, కస్తూరి పసుపు 100 గ్రాములు, కచ్చూరాలు 50, వట్టివేళ్లు 50, ఇంట్లో ఎండబెట్టిన గులాబీ రేకులు రెండు గుప్పెళ్లు. మొత్తం 640 రూపాయలు. కస్తూరి పసుపు, వంట పసుపు ఒకటి కావు. కస్తూరి పసుపు ముఖానికి, తువ్వాలుకు పచ్చగా అంటదు. మంచి వాసన ఉంటుంది. వంట పసుపు వేస్తే మర్నాడు స్కూల్లో పిల్లలందరూ అడుగుతారు.

కొట్టు పెద్దాయన "బావంచాలు కూడా వేస్తారమ్మా అందరూ" అని పొట్లం కట్టబోయారు. నేను వద్దన్నాను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. బొల్లి మచ్చలకు వైద్యులు కాంతితో కలిపి వాడేది ఈ రకం పదార్థాన్నే. వైద్యం కోసం కొలిచి వాడేదాన్ని, రోజూ స్నానం చేసి విశాఖ ఎండలోకి వెళ్లే పిల్ల ఒంటికి నేను రాయలేను. మన పాత సున్నిపిండి కొలతల్లో ఇది చాలా చోట్ల కనిపిస్తుంది కాబట్టే ఇంత చెబుతున్నాను.

మూడు రోజులు డాబా మీద వడియాల పక్కనే ఎండబెట్టాం. నాలుగో రోజు సాయంత్రం మావారు డబ్బా పట్టుకెళ్లి పిండిమరలో పట్టించుకొచ్చారు. మర్నాడు స్నానానికి అమ్మాయి ముందు వెళ్లింది. రెండు నిమిషాల్లో "అమ్మా, మండుతోంది" అని కేక. పరుగెత్తుకెళ్లి చూస్తే చేతులు, మెడ ఎర్రగా అయిపోయాయి. నేను చిటికెడు పిండి నాలిక మీద వేసుకుని చూశాను. కారం. మాకంటే ముందు ఎవరివో మిరపకాయలు పట్టారు, మరలో మిగిలిందంతా మా పిండిలో కలిసింది. ఆ మర అతను చెప్పలేదు, మేము అడగలేదు. పిల్లకు చల్లటి నీళ్లు పోసి, కొబ్బరినూనె రాసి, ఆ రోజంతా టెన్షన్‌తోనే ఉన్నాను. సాయంత్రానికి తగ్గింది. దాదాపు రెండు కిలోల పిండి చెత్తబుట్టలో పోశాం.

రెండోసారి వేరే మరకు, పొద్దున్నే మర తెరిచేసరికి నేనే వెళ్లాను. ముందు రెండు గుప్పెళ్ల బియ్యం మరలో పోయించి, ఆ పిండి పారబోసి, తర్వాత మాది పట్టించాను. అయినా మొదట మోచేతి లోపల రాసి ఒక రోజు ఆగి చూశాకే అందరం వాడాం. మీరు నలుగుపిండి చేసుకుంటే ఇంకేం చేసినా చేయకపోయినా ఇది మాత్రం చేయండి.

సన్న జల్లెడ పట్టి వాడిన ఆ పిండి చాలా బాగుంది. నా చర్మం పొడిబారే రకం. బాడీవాష్ వాడిన రోజుల్లో చలికాలం కాళ్ల మీద గీతలు పడేవి. ఇప్పుడు నువ్వులనూనె రాసుకుని అరగంటాగి నలుగు పెట్టుకుంటే మర్నాటి దాకా మెత్తగానే ఉంటోంది. ముఖానికి నీళ్లతో కాక పెరుగుతో కలిపి, రుద్దకుండా అద్ది కడిగేస్తాను. మొటిమలున్న మా అమ్మాయి ముఖానికి ఇది పనికిరాలేదు. గరుకు తగిలి మొటిమలు చితికాయి. తనకు ముఖానికి మామూలు ఫేస్‌వాష్, ఒంటికే నలుగు. ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, పిండి పేరుకుపోయి బాత్రూం తూము రెండుసార్లు పూడిపోయింది, నేల జారుడు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఉన్నారు కాబట్టి స్నానం అయ్యాక బ్రష్షుతో నేల కడగడం ఇంట్లో అందరికీ నియమం. రెండోది, మన సముద్రపు తేమకు ఆరు వారాల్లో పురుగు పట్టింది. ఇప్పుడు నెలకు సరిపడా బయట పెట్టి మిగతాది ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. తడిచేయి డబ్బాలో పెట్టడం లేదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నేను కొంచెం తటపటాయించాను. కానీ ఇది చదివే వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. నా మెడ వెనక రెండు మూడేళ్లుగా నల్లగా ఉంది. చెమట, గొలుసు రాపిడి అనుకునేదాన్ని. జూన్‌లో ఫోన్లో ఒక వీడియో చూసి నిమ్మరసం, వంటసోడా, పంచదార కలిపి మెడకు పట్టించి నిమ్మచెక్కతో పది నిమిషాలు రుద్దాను. కడుక్కుని వెంటనే కూరగాయలకు వెళ్లాను. మర్నాటికి అక్కడ మంట, మూడో రోజుకు ముదురు గోధుమరంగు చారలు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే మచ్చలు పడతాయని, వంటసోడా చర్మం పైపొరను దెబ్బతీస్తుందని అమ్మాయిని చూసిన డాక్టరే చెప్పారు. అంతటితో అయిపోలేదు. ఆవిడ నా మెడ తడిమి చూసి, "ఇది మురికి కాదమ్మా, చర్మం మందంగా ముఖమల్‌లా ఉంది చూడండి. ముందు షుగర్ పరీక్ష చేయించండి" అన్నారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ రావడానికి ముందు దశట. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే మెడ, చంకల దగ్గర చర్మం ఇలా నల్లబడి మందమవుతుందట. నేను దాన్ని నిమ్మచెక్కతో రుద్దుతున్నాను. అప్పటి నుంచి రాత్రి అన్నం తగ్గించి, పొద్దున్నే బీచ్‌రోడ్డులో 40 నిమిషాలు నడుస్తున్నాను. అక్టోబర్‌లో 5.8కి వచ్చింది. నిమ్మ వల్ల పడ్డ చారలు పోవడానికి మూడు నెలలు పట్టింది. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల మెడల మీద ఈ నలుపు మా స్కూల్లోనూ కనిపిస్తుంది. "సరిగ్గా రుద్దుకోవేమే" అని తల్లులు తిట్టడం విన్నాను, నేనూ ఒకరిద్దరిని అన్నాను. ఇప్పుడు అలా కనిపిస్తే ఆ తల్లిని పక్కకు పిలిచి నా కథ చెబుతున్నాను. ఈ ఆరు నెలల్లో నేను వాడి చూసిన వాటిలో గట్టిగా వద్దని చెప్పేది ముఖానికి, మెడకు నిమ్మకాయ, వంటసోడా.

ఇంటి పనికి వస్తే, బయోఎంజైమ్ అని అందరూ చెప్పే నిమ్మతొక్కల ద్రావణం చేశాను. బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్లు లీటరు. వేసవి కదా, బత్తాయి రసం తీసిన తొక్కలు ఇంట్లో రోజూ ఉంటాయి. 90 రోజులు పులియాలి. ప్లాస్టిక్ సీసాలోనే వేయాలి, నిండా నింపకూడదు. మొదటి నెల రోజూ మూత కొంచెం వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి. మేము పెళ్లికని రెండు రోజులు శ్రీకాకుళం వెళ్లొచ్చేసరికి సీసా బెలూన్‌లా ఉబ్బి ఉంది. మూత తిప్పగానే ఎగిరి వంటింటి గోడకు తగిలింది. గాజు సీసా అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఆగస్టులో వడకడితే ముప్పావు లీటరు వచ్చింది. సగం బకెట్టు నీళ్లకు రెండు మూతలు వేసి గచ్చు తుడిస్తే జిడ్డు పోయి, లేత పులుపు వాసనతో గది హాయిగా ఉంది. పంపుల మీద బోరునీళ్ల తెల్లమచ్చలు కూడా నానబెట్టి రుద్దితే చాలావరకు పోయాయి. అదే ధైర్యంతో వంటింటి కడప బండ మీద నేరుగా పోశాను. పది నిమిషాల్లో అక్కడ నిగనిగ పోయి బూడిదరంగు మచ్చ పడింది. కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే పై పొర కరుగుతుంది. పాలరాయిదీ అదే గుణం. ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది. ఇంకొక విషయం, ఇది క్రిములను చంపే మందు కాదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు నేను బ్లీచింగ్ పౌడరే వాడుతున్నాను, అదీ విడిగా. బ్లీచింగ్‌లో ఈ పుల్లటి ద్రావణం గానీ, వెనిగర్ గానీ, బాత్రూం యాసిడ్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి కూడా రెండూ చూపించి, ఒకే రోజు రెండూ వాడొద్దని చెప్పాను.

గిన్నెలకు కుంకుడు, నిమ్మ, ఉప్పు ఉడికించి చేసే లిక్విడ్ నాకు నచ్చలేదు. గ్లాసులు, పెరుగు గిన్నెలు బాగానే వస్తాయి. చేపల పులుసు దాక, వేపుడు మూకుడు దగ్గరికొస్తే మూడింతలు పోయాలి, అయినా వేళ్లకు జిడ్డు తగులుతూనే ఉంది. బయట ఉంచితే నాలుగో రోజుకే కుళ్లిన వాసన. మళ్లీ కొన్న లిక్విడ్‌కే వచ్చేశాం. ఇత్తడి దీపాలకు చింతపండు, ఉప్పు మాత్రం ఎప్పటికీ మారవు, రసం చేసిన పిప్పి చాలు. వంటసోడా, వెనిగర్ కలిపి సింకులో పోస్తే బుసబుస పొంగుతుంది కానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. సోడా విడిగా వేసి రుద్దితేనే పని జరిగింది. దోమలకు వేపనూనె, కర్పూరం దీపం మూడు రాత్రులు పెట్టి ఆపేశాను. పొగకు అత్తయ్యకు దగ్గొచ్చింది. డెంగీ దోమ కుట్టేది పగలు, కుండీల కింద పళ్లేల్లో నీళ్లు పారబోయడం ఇంతకంటే మేలు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న రోజు మాత్రం నోటుబుక్కులో ఖర్చు, సమయం ఏమీ రాయలేదు. వెనక వీధిలో చెట్టు నుంచి మా అమ్మాయి, దాని స్నేహితులు ఆకు దూసుకొచ్చారు. అత్తయ్య చిన్న చింతపండు ముక్క, రెండు లవంగాలు వేసి రుబ్బారు. పళ్లెం చుట్టూ కూర్చుని ఆరుగురం పెట్టుకున్నాం. అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు, అంతే. పొద్దున్నకు ముదురు ఎరుపు. దుకాణాల్లో గంటలో నల్లగా పండే కోన్లు ఉంటాయి కదా, గోరింటాకు సహజంగా నలుపు పండదు. ఆ నలుపు కోసం చాలావాటిలో జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం కలుపుతారు, అది పడక బొబ్బలెక్కిన చేతులు నేను చూశాను. పిల్లలకు ఆకే రుబ్బి పెట్టండి.

ఇక లెక్క. అక్టోబర్ నెల బిల్లులో ఈ రకం సరుకులు 980 రూపాయలకు దిగాయి. కుంకుళ్లు, పెసలు, మూలికల ఖర్చు నెలకు పంచితే ఇంకో 260. అంటే మిగిలింది నెలకు 600 పైచిలుకు. కానీ నోటుబుక్కులో సమయం గడి కూడా ఉంది. జూన్‌లో వీటికోసం ఇంట్లో పట్టిన సమయం 31 గంటలు. ఎవరెవరు ఎన్ని గంటలో చూస్తే అత్తయ్యవి 17, నావి 13, మావారివి 1. ఆ ఒక్క గంటా పిండిమర దగ్గరికి వెళ్లిరావడమే. 71 ఏళ్ల మనిషి నేల మీద కూర్చుని కుంకుళ్లు కొడుతుంటే నేను లాభం లెక్కలేసుకుంటున్నానని ఆ కాగితం చూసినప్పుడు చాలా కష్టంగా అనిపించింది. ఆ రాత్రి ఆ పేజీ మావారి ముందు పెట్టాను. ఆయన చదివి, ఇక కాయలు కొట్టే పని తనదన్నారు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు మారే మనిషి, ఆదివారం కుదరకపోతే ఏ రోజు సెలవైతే ఆ రోజు. నెలకు సరిపడా ఒకేసారి కొట్టి, గింజ తీసి, ఎండబెట్టి డబ్బాలో పోస్తారు. ఇప్పుడు తలంటు రోజు నాకు పట్టేది పది నిమిషాలు.

కాబట్టి మా ఇంట్లో మిగిలినవి: జుట్టుకు, పట్టుచీరలకు కుంకుడు, ఒంటికి నలుగుపిండి, ఖాదీకి గంజి, గచ్చుకు తొక్కల ద్రావణం, ఇత్తడికి చింతపండు. అమ్మాయి షాంపూ, ఫేస్‌వాష్, గిన్నెల లిక్విడ్ కొంటాం. నరక చతుర్దశి నాడు తెల్లారుజామున అందరికీ నువ్వులనూనె పెట్టి తలంటింది అత్తయ్యే. అమ్మాయి ముందే నుదుటికి తువ్వాలు కట్టుకుని వచ్చి కూర్చుంది, అయినా చేతిలో ఉప్పుకల్లు పట్టుకునే ఉంది. పండగయ్యాక అత్తయ్య పొందూరు వెళ్లిపోయారు. పెరట్లో చెట్టుకు ఈసారి పూత బాగా వచ్చిందని నిన్న ఫోన్లో చెప్పారు. నాలుగు కిలోలు ఉంచమన్నాను, కోయించడానికి మార్చిలో మావారు వెళ్తారు.